పెద్దవాళ్లకూ సండే స్కూల్ కావాలా, ప్రసంగం చాలదా?

మల్కాజ్‌గిరి టీచరమ్మ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. 14 ఏళ్లుగా మా సంఘంలో సండే స్కూల్ (ఆదివారం పిల్లలకు బైబిల్ పాఠాలు) చెబుతున్నాను. ఒక విషయంలో మీ అందరి మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట నోవహు ఓడ పాఠం, అంటే జలప్రళయంలో ఓడ ఎక్కినవాళ్లే బతికిన కథ చెబుతుంటే నాలుగో తరగతి బాబు ఒకడు చెయ్యెత్తాడు. "టీచర్, ఓడ ఎక్కని కుక్కపిల్లలు ఏం పాపం చేశాయి?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. మంచి ప్రశ్న నాన్నా, ఇంట్లో డాడీని కూడా అడుగు, వచ్చే వారం అందరం మాట్లాడుకుందాం అన్నాను. తర్వాతి ఆదివారం వాణ్ణి అడిగితే తల దించుకుని, "అలాంటివి అడగకూడదట" అన్నాడు. రంగులు వేసిన ఓడ బొమ్మను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ పిల్లాడు నన్ను ఏదీ అడగలేదు.

నాకు మనసొప్పక వాళ్ల నాన్నగారితో మాట్లాడాను. మంచి విశ్వాసి. ఆదివారం మానరు, దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) తప్పరు. ఆయన అన్న మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు: "టీచరమ్మా, చిన్నప్పుడు నేను అడిగితే మా నాన్న కూడా అదే అన్నారు. నాకు తెలియదమ్మా. ఎవర్ని అడగాలో కూడా తెలియదు."

నలభై ఏళ్లు దాటిన మనిషికి చర్చిలో ప్రశ్న అడిగే చోటు లేదు. ప్రసంగం మధ్యలో చెయ్యెత్తలేం కదా. అందుకే ఆదివారం 8:30 నుంచి 9:15 వరకు అన్ని వయసులవాళ్లకూ క్లాసులు, 9:30కి అందరూ కలిసి ఆరాధన అని కమిటీకి రాసిచ్చాను. ప్రసంగం ఉండగా మళ్లీ క్లాసెందుకని ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. మీ సంఘాల్లో ఎలా ఉంది? నేను అడిగింది తప్పా?

బోయిన్‌పల్లి సంఘ పెద్ద

వందనాలు సిస్టర్. మీ బాధ అర్థమైంది, అయినా నేను ఆ ఇద్దరు పెద్దల పక్షమే. కారణాలు చెబుతాను, కోపగించుకోకండి.

మా దగ్గర ఉదయం ఇంగ్లీష్ ఆరాధన, ఆ తర్వాత తెలుగు ఆరాధన. మధ్యలో ఉన్న అరగంటలో ఒక గుంపు బయటికి వెళ్లి ఇంకో గుంపు లోపలికి రావాలి. మేడ్చల్ వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చే కుటుంబాలున్నాయి. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి వంట చేసి పెట్టి వస్తారు. వాళ్లను ఇంకో గంట ముందు రమ్మనడం ఏ న్యాయం? బుధవారం ఇళ్లలో జరిగే కాటేజ్ మీటింగ్, శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం, యవ్వనస్థుల కూటం ఇప్పటికే ఉన్నాయి.

ఇంకో భయం కూడా ఉంది. నాకు దగ్గరి పరిచయం ఉన్న ఒక సంఘంలో పెద్దవాళ్ల బైబిల్ క్లాసు మొదలైంది. ఆరు నెలలకు ఒకాయన ఫోన్‌లో విన్న బోధ తెచ్చి బాప్తిస్మం మీద వాదన పెట్టాడు. ఏడాది తిరక్కుండా సంఘం రెండైంది. అన్నదమ్ములు ఒకే వీధిలో రెండు చోట్ల ఆరాధన చేసుకుంటున్నారు. అది కళ్లారా చూసినవాణ్ణి. ప్రశ్న అడగడం తప్పని అనను. జవాబు చెప్పేవాడికి శిక్షణ లేకపోతే ఏమవుతుందో చూశాను కాబట్టి చెబుతున్నాను.

కూకట్‌పల్లి, గుంటూరు లూథరన్

బ్రదర్, సిస్టర్, ఇద్దరికీ వందనాలు. మాది గుంటూరు. 1842లో అమెరికా మిషనరీ హేయర్ దొరగారు వచ్చి మొదలుపెట్టిన సంఘంలో పుట్టి పెరిగినవాళ్లం. నా అభిప్రాయం మీ ఇద్దరిదీ కాదు.

మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడు మార్టిన్ లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరి (విశ్వాసాన్ని ప్రశ్న, జవాబులుగా నేర్పే పుస్తకం) రాసినప్పుడు, ఇంటి యజమాని తన ఇంటివాళ్లకు నేర్పాలనే రాశాడు. ఆ మాట అందులోనే ఉంది. మా తాతగారు రాత్రి అన్నాల దగ్గర పది ఆజ్ఞలు ఒక్కొక్కటిగా అడిగేవారు. దీని అర్థమేమి అని అడిగితే మేం చెప్పాలి. తప్పితే కొట్టేవారు కాదు, మళ్లీ ఆయనే చెప్పేవారు. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో పిల్లలకు నేర్పమన్నది ఎవరికి? ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు చెప్పమన్నది తల్లిదండ్రులకే. ఆ పని టీచరమ్మకు అప్పజెప్పి మనం చేతులు దులుపుకున్నాం. పెద్దవాళ్లకు ఇంకో క్లాసు పెడితే ఆ పని కూడా క్లాసుకే పోతుంది. చర్చి వారానికి ఒక కాగితం ఇంటికి పంపితే చాలు. ఒక వాక్యభాగం, మూడు ప్రశ్నలు. చదివేది ఇంట్లో.

రాంనగర్, డిగ్రీ సెకండియర్

నేనూ సండే స్కూల్ టీచర్‌నే. పెద్దల మధ్య మాట్లాడుతున్నాను, తప్పయితే క్షమించండి.

మా చర్చిలో సండే స్కూల్ ఆరాధన జరిగే సమయంలోనే పెడతారు. రెండో పాట కాగానే పిల్లల్ని వెనక రేకుల గదిలోకి తీసుకెళ్తాం. నలుగురం టీచర్లం, అందరం ఇరవై ఏళ్ల లోపువాళ్లమే. మూడేళ్లుగా నేను ఒక్క ప్రసంగం కూడా పూర్తిగా వినలేదు. ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆచారం) ఉన్న వారం మాత్రం ఆఖర్లో పరిగెత్తి వచ్చి వరుసలో నిలబడతాం. పిల్లలకు నేను చెప్పేది నా పన్నెండో ఏట నేను విన్నదే. అంతకు మించి నేను నేర్చుకున్నదేం లేదు.

ఇంకోటి. పదేళ్లు ఆ రేకుల గదిలో గడిపిన పిల్లాడికి ఆరాధన అలవాటు కాదు. కన్ఫర్మేషన్ (సంఘంలో పూర్తి సభ్యుడిగా చేర్చుకోవడం) అయ్యాక లోపల కూర్చోమంటే ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక బిత్తరపోతాడు. ఇంటర్‌కి వచ్చేసరికి కాలేజీలో ఆదివారం టెస్టులు. దాంతో పూర్తిగా మానేస్తాడు. టీచరమ్మ గారు చెప్పినట్టు క్లాసు ముందు, ఆరాధన తర్వాత పెడితే మా నలుగురికీ వాక్యం దొరుకుతుంది. ఇదొక్కటి ఆలోచించండి పెద్దాయనగారూ.

మల్కాజ్‌గిరి టీచరమ్మ

చెల్లీ, నువ్వు రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నేనూ అలాగే ఏళ్లు గడిపాను.

కూకట్‌పల్లి అన్నయ్యా, మీ తాతగారి లాంటి ఇల్లు నాకూ ఇష్టమే. కానీ మీ తాతగారికి ఎవరో నేర్పబట్టే ఆయన మీకు నేర్పగలిగారు. ఆ బాబు నాన్నగారికి ఎవరూ నేర్పలేదు. ఆయన చేతిలో మీ కాగితం పెడితే మూడు ప్రశ్నలు చూసి ఇంకా బెదురుతారు. ముందు ఆయన అడగాలి, ఎవరో ఓపికగా వినాలి. ఆ తర్వాతే ఆయన కొడుక్కి చెప్పగలరు. అపొల్లో అంతటి వక్తనే ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు చేర్చుకుని ఇంకా బాగా వివరించి చెప్పారని అపొస్తలుల కార్యాలు 18లో ఉంది. ఆయన పెద్దవాడు, పండితుడు. అయినా కూర్చుని నేర్చుకున్నాడు.

సండే స్కూల్ పిల్లలదే అన్న అలవాటు ఎలా వచ్చిందో కూడా కొంచెం చెబుతాను. ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ 1780లో మొదలుపెట్టినప్పుడు అది వారమంతా పనికి పోయే పేదపిల్లలకు ఆదివారం అక్షరాలు దిద్దించే బడి. చదవడానికి పుస్తకం బైబిల్. కొన్నేళ్లకే వేల్స్‌లో థామస్ చార్లెస్ నడిపిన ఆదివారపు బడుల్లో పెద్దవాళ్లు కూడా కూర్చుని చదవడం నేర్చుకున్నారు. మన దేశంలో ఇండియా సండే స్కూల్ యూనియన్ 1876లోనే ఏర్పడింది. చదువు ఎవరికి లేదో వాళ్ల కోసం పుట్టిన బడి ఇది. ఇప్పుడు మన సంఘంలో వాక్యం విషయంలో చదువు లేనిది పిల్లలకా, మనకా?

బోయిన్‌పల్లి పెద్దాయనగారూ, మీరు చెప్పిన చీలిక సంగతి నన్నూ భయపెట్టింది. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ సహోదరుడు ఫోన్‌లోని బోధకుడి దగ్గరికి ఎందుకు వెళ్లాడు? ఆయన ప్రశ్న వినేవాళ్లు అంతకు ముందు సంఘంలో ఎవరైనా ఉన్నారా?

ఉప్పల్, స్టాఫ్ నర్స్

నెలలో రెండు ఆదివారాలు నాకు డ్యూటీ. నైట్ దిగి నేరుగా చర్చికి వస్తే ప్రసంగంలో కళ్లు మూతలు పడతాయి. 8:30కి అంటే నా వల్ల కాదు. ఏం చేసినా మా లాంటివాళ్లకు వారం మధ్యలో ఒక సాయంత్రం అదే పాఠం పెట్టండి, ప్లీజ్.

నారాయణగూడ అక్క

క్లాసులు వయసువారీగా విడగొట్టాలా, కలిపి పెట్టాలా అన్నది ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. మేం ఒక నెల కలిపి పెట్టి చూశాం కాబట్టి చెబుతున్నాను.

మా అసలు కష్టం భాష. పిల్లలందరూ ఇంగ్లీష్ మీడియం. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మన తెలుగు బైబిల్ గ్రాంథికం, చదవడం వచ్చిన పిల్లలకు కూడా సగం మాటలు అర్థం కావు. అటువైపు అవ్వలకు చదువే రాదు, కానీ కీర్తనలు నోటికి వచ్చు. సికింద్రాబాద్ బైబిల్ హౌస్‌లో తెలుగు, ఇంగ్లీష్ పక్కపక్కన అచ్చు వేసిన బైబిళ్లు కొన్ని కొని, అవ్వలను, మనవలను జంటలుగా కూర్చోబెట్టాం.

మొదటి రోజు 23వ కీర్తన, "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని మొదలయ్యేది. ఒక అవ్వ కళ్లు మూసుకుని చెబుతుంటే మనవరాలు ఇంగ్లీష్‌లో వేలు పెట్టి వెంట వస్తోంది. "లేమి" అన్న మాట దగ్గర ఆగి, "నానమ్మా, లేమి అంటే?" అంది. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బియ్యం డబ్బాలో గ్లాసు పెడితే అడుగున గీసుకుంటుంది చూడు, ఆ చప్పుడమ్మా. మీ తాత పోయిన ఏడాది నేను రోజూ విన్నాను" అంది. ఆ పిల్లకు తాత పోయిన ఏడాది సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు పాఠం అక్కడితోనే ఆపేశాం.

విడివిడి క్లాసుల్లో ఇది జరగదు. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో యెరూషలేములోని నీటి గుమ్మం ఎదుట పురుషులు, స్త్రీలు, వినగలిగినవాళ్లందరూ ఒకేచోట నిలబడ్డారు. దేవాలయ సేవ చేసే లేవీయులు ధర్మశాస్త్రం చదివి అర్థం చెప్పారు. వయసువారీగా గదులు వెయ్యలేదు.

రాంనగర్, డిగ్రీ సెకండియర్

అక్కా, చాలా బాగుంది. కానీ మా వయసువాళ్లకు వేరే చోటు కూడా కావాలి. అవ్వ ముందు, అమ్మ ముందు అడగలేని ప్రశ్నలు మాకు ఉంటాయి. పెళ్లి గురించి, వేరే మతం స్నేహితుల గురించి. అందరూ కలిసి కూర్చుంటే మేం నోరు తెరవం.

నారాయణగూడ అక్క

నిజమేరా చెల్లీ. మేం అది ఆలోచించలేదు. నెలకు ఒక వారం కలిపి, మిగతా వారాలు విడివిడిగా పెట్టాలేమో.

బోయిన్‌పల్లి సంఘ పెద్ద

టీచరమ్మ గారూ, మీరు అడిగిన ప్రశ్నకు రాత్రంతా ఆలోచించాను. ఆ సహోదరుడు అంతకు ముందు ఏడాది నన్నే రెండుసార్లు అడిగాడు. తర్వాత మాట్లాడదాం అన్నాను. మాట్లాడలేదు. ఈ మాట ఇక్కడ రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ నిజం ఇదే.

అయినా నా షరతులు నాకున్నాయి. పాఠం ముందుగా అయ్యగారు (పాస్టర్) చూడాలి. చెప్పేవాళ్లకు కనీసం రెండు నెలలు శిక్షణ ఉండాలి. గాంధీనగర్‌లోనే ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది కదా, అక్కడి వాళ్లను అడిగి రప్పించుకోవచ్చు. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, రాసుకుని, వచ్చే వారం చెప్పాలి. ఇక 8:30 సమయానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. బస్సుల్లో వచ్చేవాళ్లు వెనకబడిపోతారు. ఆరాధన అయ్యాక టీ ఇచ్చి ముప్పావు గంట కూర్చోబెట్టండి.

కూకట్‌పల్లి, గుంటూరు లూథరన్

క్లాసు పెట్టినా సరే, నా కాగితం మాత్రం వదలొద్దు. క్లాసులో విన్నది ఇంట్లో అన్నం దగ్గర ఒకసారైనా పిల్లలతో మాట్లాడాలి. పౌలు శిష్యుడు తిమోతికి విశ్వాసం అవ్వ లోయి నుంచి, తల్లి యునీకే నుంచి వచ్చింది. అది ఇంట్లో జరిగిన పనే.

మల్కాజ్‌గిరి టీచరమ్మ

పెద్దాయనగారూ, మీరు రాసింది మా కమిటీలో చదివి వినిపించవచ్చా? మీ పేరు చెప్పను.

నిన్న రాత్రి మా అయ్యగారితో మాట్లాడాను. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలోని ఆరు ఆదివారాలు మాత్రం పెట్టి చూడమన్నారు. ఆరాధన తర్వాతే, 11:30కి, టీతో. చెల్లి చెప్పిన టీచర్ల సంగతికి మాత్రం ఇది జవాబు కాదు, సండే స్కూల్ సమయం గురించి మళ్లీ అడుగుతాను. మొదటి వారం అందరం కలిసి, ఆ తర్వాత రెండు గుంపులు. నర్స్ సిస్టర్ లాంటివాళ్ల కోసం గురువారం రాత్రి ఏడింటికి మా ఇంట్లో అదే పాఠం చెబుతాను, ఎంతమంది వచ్చినా సరే.

మొదటి పాఠం నోవహు పెడుతున్నాను. జలప్రళయం గురించి ఆ బాబు అడిగిన ప్రశ్నే ముందు బోర్డు మీద రాస్తాను. వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి చెబితే, "నేను వస్తానమ్మా, వాణ్ణి కూడా నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను" అన్నారు. ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో నేను ఇంకా చదువుకుంటూనే ఉన్నాను.

హాల్లో 40 కుర్చీలు ఉన్నాయి. చాలకపోతే పాత చాపలు ఎండలో వేసి దులిపి పెట్టాలి. శనివారం మధ్యాహ్నం తాళం తీసుకుంటున్నాను, దగ్గర్లో ఉన్నవాళ్లు ఒక చెయ్యి వేయండి.