ఫోన్ లేని జేబు కంప్యూటర్ అమ్ముడుపోతుందా?

ప్రశ్న: వైఫై, బ్లూటూత్ మాత్రమే ఉన్న చిన్న లైనక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పరికరం డిజైన్ చేస్తున్నాం. సిమ్, కాల్స్ లేకపోతే మార్కెట్లో నిలబడదా?

జవాబు 1: 1996 నాటి పామ్ పైలట్‌లో (అడ్రసులు, అపాయింట్‌మెంట్లు రాసుకునే జేబు పరికరం) ఫోన్ లేదు, అయినా బాగా అమ్ముడుపోయింది. రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో వారాలు నడిచేది. క్రేడిల్‌లో (పీసీకి కలిపే స్టాండు) పెట్టి ఒక్క బటన్ నొక్కితే పీసీతో సింక్ అయ్యేది, అంటే రెండిట్లో సమాచారం ఒకేలా మారేది. ఆ పనులు ఫోన్‌లోకే వచ్చేశాక రెండో పరికరం ఎవరు మోస్తారు?

జవాబు 2: మరి ఐపాడ్ టచ్, అంటే కాల్స్ లేని ఐఫోన్ లాంటి ఆపిల్ పరికరం? 2007 నుంచి 2022 దాకా అమ్మారు కదండీ. కాకపోతే ఐఫోన్ యాప్‌లు, సాఫ్ట్‌వేర్ దానికి రెడీమేడ్‌గా దక్కాయి, మీకు ఆ అండ ఉండదు. నోకియా కూడా 2005లో ఫోన్ లేకుండా 770 అనే లైనక్స్ టాబ్లెట్ తెచ్చి, అదే వరుసలో 2009లో వచ్చిన ఎన్900కి ఫోన్ జోడించింది. ఇంకోటి: ఆపరేటర్ కాంట్రాక్టుతో ధర తగ్గించి అమ్మే దారి సిమ్ ఉన్నవాటికే.

జవాబు 3: సిమ్ పెట్టండి, కానీ నా ఓటు డేటాకే, కాల్స్‌కి కాదు. వోల్టీ కాల్స్ (4జీ మీద వెళ్లే కాల్స్) ఒక్కో ఆపరేటర్ నెట్‌వర్క్‌లో విడిగా పరీక్షించాలి, చిన్న టీముకి అది తలకు మించిన పని. ముందే సర్టిఫై అయిన ఎల్‌టీఈ (4జీ) మాడ్యూల్, అంటే నెట్‌వర్క్‌కి కలిపే రెడీమేడ్ భాగం వాడండి. అది 4జీ దొరక్క 2జీకి దిగితే కరెంటు క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడు వోల్టేజ్ పడిపోయి మాడ్యూల్ రీసెట్ అవ్వొచ్చు. అందుకే సప్లై పిన్ పక్కనే తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్న కెపాసిటర్ పెట్టండి, ఆ క్షణానికి కావాల్సిన కరెంటు అదిస్తుంది. మెటల్ బాడీ మాత్రం వద్దు, యాంటెన్నా సిగ్నల్ చచ్చిపోతుంది.