పూర్వరూపం వదిలిందా, వదలలేదా?

పర్లాకిమిడి:
మా తాతగారు కార్తిక మాసంలో చదివే భాగవతం ఏకాదశ స్కంధంలోని ఒక శ్లోకం పది రోజులుగా నన్ను వేధిస్తోంది. "కీటః పేశస్కృతం ధ్యాయన్ కుడ్యాం తేన ప్రవేశితః, యాతి తత్సాత్మతాం రాజన్" వరకు నాకు సందేహం లేదు: కందిరీగ (పేశస్కృత్) గోడ గూట్లో పెట్టిన పురుగు దాన్నే ధ్యానిస్తూ దాని రూపమే పొందుతుందని అర్థం. చివరి పాదం మాత్రం ఆయన నోట "పూర్వరూపం తు సంత్యజన్" అని విన్నట్టు గుర్తు. అచ్చులో చూస్తే "పూర్వరూపమసంత్యజన్" అని ఉంది. ఒకటి వదిలి అంటోంది, ఒకటి వదలకుండా అంటోంది.

ఇది ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందంటే, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మా బొబ్బర చేనికి పేనుబంక పట్టింది. దాన్ని తినే సిర్ఫిడ్ ఈగ పురుగులు కోశస్థ దశకు చేరి, నీటిబొట్ల మాదిరిగా ఆకులకు అంటుకొని ఉంటే, నాలుగింటిని సీసాలో వేసి మూతికి గుడ్డ కట్టాను. ఈగ రావలసిన కోశంలో నుంచి నిన్న సన్నని నడుముతో కందిరీగ జాతి పురుగు వచ్చింది. దాని వెనక కాళ్ల మీద నలుపు, తెలుపు, ఎరుపు పట్టీలు ఉన్నాయి. తాతగారి పాఠం సరైనదని చెప్పే ఆధారం ఎవరి దగ్గరైనా ఉందా?

బరంపురం:
ఛందస్సు మీ తగవు తీర్చదు. అయిదోది లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు కావాలి; అక్కడ "మ" ఉన్నా "తు" ఉన్నా పాదం చక్కగానే నడుస్తుంది. తీర్పు అర్థంలో దొరుకుతుంది. ఈ శ్లోకంలో అవధూత యదు రాజుతో చెప్పదలచినది ఈ శరీరం ఉండగానే ధ్యేయంతో సారూప్యం కలుగుతుందని కదా. "తు" పెడితే ఆ విశేషం పోయి, చచ్చి మరొకటిగా పుట్టిందనే మామూలు మాట మిగులుతుంది. తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, "అ" ఉండి తీరాలి. అయినా పోతన గారి తెలుగు ఉండగా ఈ గొడవ మనకెందుకు?

జయపురం:
మాస్టారూ, ఏకాదశ స్కంధం తెలుగు పోతనది కాదు, వెలిగందల నారయది. మీరు తలచుకుంటున్న పద్యం సప్తమంలోది:

"కీటకముఁ దెచ్చి భ్రమరము
పాటవమున బంభ్రమింప భ్రాంతంబై త
త్కీటకము భ్రమరరూపముఁ
బాటించి వహించుఁ గాదె భయయోగమునన్."

ఇక్కడ పూర్వరూపం ఊసే లేదు. నాకు అసలు చిక్కు "భ్రమరము" దగ్గర ఉంది. తుమ్మెద పురుగును తెచ్చి గోడలో పెట్టదు, ఆ పని చేసేది కందిరీగ. మూలంలోని పేశస్కృత్ అనే మాట కూడా తక్కువది కాదు. బృహదారణ్యకంలో పేశస్కారి అంటే శంకరులు బంగారు పని చేసేవాడని వ్యాఖ్యానించారు. రూపాన్ని చెక్కే పని అనే భావం రెండు చోట్లా ఉందని నా అభిప్రాయం. గిడుగు వారు తిరిగిన ఊళ్లో ఉండి నిఘంటువులు తిరగేసే బదులు, పర్లాకిమిడి వారు తమ రైతులు ఆ పురుగును ఏమంటారో కనుక్కొని చెబితే బాగుంటుంది.

రాయగడ:
ఏమీ అనరండి, కందిరీగ అనే అంటారు. ఆ కాళ్ల పట్టీలను బట్టి చూస్తే అది డిప్లజాన్ లీటటోరియస్ అనే, ఇతర పురుగుల లోపల పెరిగే కందిరీగ కావచ్చు. దాని ఉపకుటుంబం దాదాపుగా సిర్ఫిడ్ ఈగల మీదే బతుకుతుంది. నేను నాగావళి ఒడ్డున కూరగాయలు పండిస్తాను, శ్లోకం జోలికి రాను కానీ "ప్రవేశితః" గురించి ఒక మాట చెప్పాలి. గోడలో గూడు కట్టే కందిరీగ పురుగును కుట్టి, కదలకుండా చేసి, తన పిల్లకు తిండిగా లోపల పెడుతుంది. కొన్నాళ్లకు గూట్లోంచి కందిరీగ రావడం చూసి, పురుగే మారిందని పెద్దలు అనుకున్నారు. మీ సీసాలోని పురుగును మాత్రం ఎవరూ ఎక్కడా ప్రవేశపెట్టలేదు, ప్రవేశించినది కందిరీగ గుడ్డు. సిర్ఫిడ్ గుడ్డులోనో, అప్పుడే పొదిగిన పిల్లలోనో అది తన గుడ్డును దించుతుంది. ఆ పిల్ల ఏమీ ఎరగనట్టు పేనుబంకను వందలకొద్దీ తింటూ పెరిగి, కోశం కట్టుకున్నాక లోపలి అతిథికి పూర్తిగా ఆహారమైపోతుంది.

పర్లాకిమిడి:
అమ్మగారూ, అయితే ఆ కోశం ఎవరి రూపం?

రాయగడ:
ఈగదే. ఆ కోశం వేరే గూడు కాదు, ఈగ పిల్ల ఆఖరి చర్మమే బిగుసుకొని గట్టిపడినది. ఈగ అయితే ముందు భాగం మూతలా ఊడివస్తుంది. కందిరీగ అయితే పళ్లతో కొరికి అంచులు సరిగా లేని రంధ్రం చేసుకొని వస్తుంది. రంధ్రం చూసుకోండి. మా రైతు సమావేశాల్లో ఇలా వేరే పురుగుల లోపల పెరిగేవాటినన్నిటినీ కలిపి "బదనికలు" అంటారు, మిత్రపురుగుల జాబితాలో చేరుస్తారు. మిత్రుణ్ణి తినే దీన్ని ఏ జాబితాలో వేయాలో ఎవరూ చెప్పలేదు.

బరంపురం:
చూశారా, లోపల కందిరీగ తయారయ్యాక కూడా పైన ఈగ చర్మమే ఉంది. "పూర్వరూపమసంత్యజన్" అన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం వేరే కావాలా?

జయపురం:
అది కొరుక్కొని బయటకు వచ్చిన క్షణంలో "సంత్యజన్" అయిందిగా, మాస్టారూ. పైగా "యాతి" అన్న క్రియకు కర్త కీటం. మీరు దాన్ని కందిరీగకు అంటగడుతున్నారు. కీటం ఏమీ కాలేదు, అయిపోయింది. "బదనిక" కూడా చెట్టు మీద మొలిచే మొక్క పేరు, దాన్ని పురుగుకు తగిలించిన వారెవరో గానీ, బదనిక తన చెట్టును ఇంత పనిగా చంపదు.

బరంపురం:
కర్త సంగతి ఒప్పుకుంటాను, "తు" సంగతి ఒప్పుకోను. పోతన "బంభ్రమింప" అన్నది మాత్రం చుట్టూ మళ్లీ మళ్లీ తిరగడమే. సిర్ఫిడ్ ఈగలా గాలిలో ఒకచోట నిలవడం కాదు, ఇద్దరినీ కలిపేయకండి.

పర్లాకిమిడి:
రంధ్రం చూశాను, అంచులు సరిగా లేవు. పొద్దున్న రెండో కోశం మూత ఊడి, పసుపు పట్టీల ఈగ వచ్చింది. మిగిలిన రెండూ ఇంకా కదలలేదు. తాతగారు రాసుకున్న నోటుపుస్తకం గుణుపురంలో మా అన్నయ్య ఇంట్లో ఉంది, సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పాదం ఫోటో తీసి పెడతాను.

జయపురం:
ఫోటోలో సున్న, "మ" స్పష్టంగా కనిపించేలా దగ్గరగా తీయండి. ఆ కాలపు రాతలో "పమ" ఏదో, "పం తు" ఏదో తేలికగా తెలియదు.

బరంపురం:
అంతవరకు ఎవరైనా "పాటించి" గురించి చెప్పండి. భయంతో పాటించడమా, లక్ష్యపెట్టి పాటించడమా?