తాతగారి ద్వారబంధాన్ని ఫైర్‌ప్లేస్ చుట్టూ బిగించొచ్చా? ఇంట్లో మూడు పార్టీలయ్యాం

కోనసీమ_కొబ్బరి, న్యూజెర్సీ:

అందరికీ నమస్కారం. మేం కొన్న ఇల్లు 1979లో కట్టింది. హాల్లో నేల నుంచి సీలింగ్ దాకా ఎర్ర ఇటుక గోడ, దాని మధ్యలో కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్. ఇత్తడి తలుపులు నల్లబడ్డాయి. పొగ కక్కి పైన రెండు వరసల ఇటుకలు మసిబారాయి. బాగు చేయించాలి అన్నంత వరకే మా ఇంట్లో అందరిదీ ఒకే మాట. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళదే.

మా ఆవిడ గోడంతా తెల్ల పెయింట్ అంటుంది. కాంట్రాక్టరేమో కిచెన్‌లో వేయగా మిగిలిన క్వార్ట్జ్ పలక ఉంది కదా, అదే చుట్టూ అతికించేద్దాం, మ్యాచింగ్‌గా ఉంటుంది అంటాడు. నా పిచ్చి వేరు. అమలాపురం దగ్గర మా తాతగారి మండువా లోగిలి పడగొట్టినప్పుడు వీధి గుమ్మం ద్వారబంధం నేను తెచ్చుకున్నాను. పాత టేకు. పైకమ్మి మీద పద్మాలు, వాటికి అటూ ఇటూ చిలకలు చెక్కి ఉన్నాయి. ఒక చిలక ముక్కు విరిగింది, అది నా చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలి. రెండేళ్ళుగా గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుంది. దాన్ని తెచ్చి ఫైర్‌ప్లేస్ చుట్టూ బిగిద్దామని నా ఆశ.

"నిప్పు పక్కన చెక్కేంటి, బుద్ధుందా" అని మా ఆవిడ. "ఇంటి గడప తీసుకెళ్ళి పొయ్యికి కడతావా" అని ఫోన్లో మా అమ్మ. మీరే తేల్చండి.

ఒంగోలు_గిత్త, అట్లాంటా:

అన్నా, ఇందులో తేల్చడానికి ఏముంది? బ్లాక్ గెలాక్సీ వేయించు. మా చీమకుర్తి రాయి. మా నాన్న క్వారీలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు కాబట్టి నాకు పక్షపాతం ఉందనుకో, పర్లేదు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, రాత్రి లైట్లు తీసేసి మంట వేస్తే ఆ చుక్కలన్నీ కదులుతున్నట్టు ఉంటాయి. అవి బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు. పేరుకి గ్రానైట్ అని అమ్ముతారు కానీ, భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు గాబ్రో జాతి అంటారు. మనకెందుకు, మెరుస్తుందా లేదా అన్నదే కావాలి.

వేడికి ఏమీ కాదు, మసి అంటినా తుడిస్తే పోతుంది. తెల్ల మార్బుల్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. మసి మరక పట్టిందంటే లోపలికి ఇంకిపోతుంది. వదిలించడానికి ఏ వెనిగరో వాడావంటే పాలిష్ కూడా పోతుంది.

మంచులో_మామ, మినియాపొలిస్:

గిత్త గారూ, రాయి మీద మీ ప్రేమ బాగుంది. "వేడికి ఏమీ కాదు" అన్నది మాత్రం కొంచెం సవరించాలి. మా ఊరు జనగామ దగ్గర. చిన్నప్పుడు బావి తవ్వుతుంటే అడ్డం వచ్చిన బండని వడ్డెర వాళ్ళు ఎలా లేపారో కళ్ళారా చూశాను. బండ మీద కట్టెలు పేర్చి గంటల తరబడి మంట పెట్టారు. కాసేపటికి లోపల్నుంచి టప్ టప్‌మని చప్పుళ్ళు. చల్లారాక సమ్మెటతో కొడితే పొరకి పొర లేచి వచ్చింది. అది గ్రానైట్ బండే. మంట నేరుగా తగిలే చోట గ్రానైట్ క్షేమం కాదు, అందుకే మంట మండే గూడు లోపల వేడిని తట్టుకునే ఫైర్ బ్రిక్ కడతారు. చుట్టూ వేసే రాయికి అంత వేడి తగలదు కాబట్టి అక్కడ మీ గెలాక్సీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాకపోతే బరువు చూసుకోవాలి. మూడు సెంటీమీటర్ల పలక చదరపు అడుక్కి 18 పౌన్ల దాకా తూగుతుంది. ఊరికే జిగురు రాసి ఇటుకకి అంటించేది కాదు, కింద ఆనిక ఉండాలి, గోడకి క్లిప్పులు పడాలి.

కొబ్బరి గారూ, క్వార్ట్జ్ మాట మాత్రం ఈ రోజే కొట్టేయండి. అది రాతిపొడిని ప్లాస్టిక్ లాంటి రెసిన్‌తో కలిపి చేసిన పలక. 150 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ రెసిన్ రంగు మారుతుంది, పగుళ్ళూ రావచ్చు. మాకు తెలిసినవాళ్ళింట్లో ఇలాగే "మ్యాచింగ్" అని వేశారు. రెండో చలికాలానికి గూడు పైభాగం టీ మరకలా పసుపెక్కింది. కంపెనీ వాళ్ళని అడిగితే వారంటీ కాగితం తెరిచి చూపించారు, పొయ్యి చుట్టూ వాడితే వర్తించదని ముందే రాసుంది.

డాలస్_బాబాయ్:

ఇంత టెన్షన్ ఎందుకయ్యా? ఈ రోజుల్లో కట్టెలు ఎవరు కాలుస్తున్నారు? గ్యాస్ ఇన్సర్ట్, అంటే గూట్లో అమర్చే గ్యాస్ పొయ్యి, పెట్టించెయ్, చుట్టూ నీకు నచ్చింది వేసుకో, పైన 75 అంగుళాల టీవీ తగిలించు. మా ఇంట్లో అదే. ఐదేళ్ళయింది, టీవీకి ఏమీ కాలేదు.

అట్లతద్ది, న్యూజెర్సీ:

బాబాయ్ గారూ, ఐదేళ్ళలో ఆ ఫైర్‌ప్లేస్ ఎన్నిసార్లు వెలిగించారు?

డాలస్_బాబాయ్:

2021లో కరెంటు పోయినప్పుడు ఒకసారి. క్రిస్మస్‌కి పిల్లలు అడిగితే ఇంకోసారి.

అట్లతద్ది:

అదీ సంగతి. టీవీ కూడా అప్పుడు కట్టేసే ఉండి ఉంటుంది. అంత ఎత్తున టీవీ పెడితే మెడ పట్టేస్తుంది, అది వేరే గొడవ.

అక్క తరఫున నేను మాట్లాడతాను, అంటే కొబ్బరి గారి ఆవిడ తరఫున. ఆ చీకటి ఇటుక గోడ హాలుని మింగేస్తుంది, మా ఇంట్లోనూ అదే గోడ ఉండేది. కానీ మామూలు ల్యాటెక్స్ పెయింట్ వద్దు. ఇటుక ఒక్కసారి పెయింట్ పీల్చుకుందంటే మళ్ళీ పాత ఎరుపు రావడం జన్మలో కష్టం. గోకితే ఇటుక పొడి రాలుతుంది తప్ప రంగు పోదు. ఇక్కడ లైమ్‌వాష్ అని డబ్బాల్లో అమ్ముతారు. పేరు చూసి ఏదో ఫ్రెంచి వస్తువు అనుకున్నాను, తీరా తెరిస్తే వాసన పట్టేసింది. సున్నం! సంక్రాంతికి మా నాన్నమ్మ కుండలో నానబెట్టి, కాస్త నీలిమందు కలిపి, కుంచెతో వెల్ల వేయించేది చూడండి, అదే. ఇక్కడివాళ్ళు దాన్ని అంత ఖరీదు పెట్టి కొంటున్నారు.

సున్నం పెయింటులా పైన పొరగా కూర్చోదు. ఇటుక రంధ్రాల్లోకి దిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని గట్టిపడుతుంది. గోడకి ఊపిరాడుతుంది. పలచగా వేస్తే ఎరుపు అక్కడక్కడా తొంగిచూస్తుంది. నచ్చకపోతే వేసిన మొదటి రెండు మూడు రోజుల్లో నీళ్ళతో రుద్దితే చాలా వరకు పోతుంది. ముందు ఆ మసి ఇటుకల్ని బ్రష్‌తో బాగా కడగండి, లేకపోతే మసి పైకి ఊరి పసుపు చారలు పడతాయి. మొదటిసారి నేను కడగలేదు. సోఫాలో కూర్చున్నప్పుడల్లా ఆ చారలే కనపడేవి.

హైదరాబాదీ_సాదిక్:

ఒక డౌట్. ఇక్కడ మా గేటెడ్ కమ్యూనిటీలో కూడా విల్లాల్లో ఫైర్‌ప్లేస్ పెట్టిస్తున్నారు. చిమ్నీ లేదు, ఎలక్ట్రిక్. మంట కూడా బొమ్మ. చుట్టూ ఇటాలియన్ మార్బుల్, దాని ముందు ఏసీ 18లో. దీన్ని ఏమంటారు?

ఒంగోలు_గిత్త:

వాస్తు ఆగ్నేయం అంటారు భాయ్ 😄

కోనసీమ_కొబ్బరి:

క్వార్ట్జ్ వద్దని కాంట్రాక్టర్‌కి చెప్పేశాను, మొహం మాడ్చుకున్నాడు. సున్నం మాట వినగానే మా ఆవిడ అట్లతద్ది గారి ఫ్యాన్ అయిపోయింది. సరే, కానీ నా ద్వారబంధం గురించి ఎవరూ మాట్లాడటం లేదే? మా ఊళ్ళో వంటింట్లో పొయ్యి పక్కనే చెక్క అలమర ఉండేది. నలభై ఏళ్ళు ఏమీ కాలేదు.

మంచులో_మామ:

నేను కావాలనే ఆగాను, మీ ఆశ మీద నీళ్ళు చల్లడం ఇష్టం లేక. చెక్కతో చిక్కేంటంటే, రోజూ వేడి తగిలి తగిలి ఏళ్ళ మీద లోపల్లోపల బొగ్గులా మారుతుంది. కొత్త చెక్క అంటుకోవడానికి కావలసినంత వేడి దానికి అక్కర్లేదు. పదేళ్ళు ఏమీ కాలేదన్నది పదకొండో ఏడుకి హామీ కాదు.

ఇటుకతో కట్టిన ఫైర్‌ప్లేస్‌కి ఇక్కడి నియమం ఇది. గూడు నోటి అంచు నుంచి 6 అంగుళాల లోపు కాలే వస్తువేదీ ఉండకూడదు. 6 నుంచి 12 అంగుళాల మధ్య పెట్టొచ్చు గానీ, ఎంత దూరంలో ఉంటే దాంట్లో ఎనిమిదో వంతు మాత్రమే ముందుకు పొడుచుకు రావాలి. అంటే 8 అంగుళాల దూరంలో ఉన్న చెక్క ఒక్క అంగుళం మందమే ఉండాలి. 12 దాటితే ఈ లెక్క ఉండదు. మీది కొలిచి చెప్పండి: గూడు నోటి వెడల్పు, ఎత్తు, ద్వారబంధం లోపలి వెడల్పు, కమ్మీల మందం. గ్యాస్ ఇన్సర్ట్ అయితే ఈ లెక్కలు కాదు, దాని మాన్యువల్లో ఏం రాస్తే అదే చట్టం.

కోనసీమ_కొబ్బరి:

గూడు నోరు 36 అంగుళాల వెడల్పు, 28 ఎత్తు. ద్వారబంధం లోపల మూడున్నర అడుగులు, అంటే 42. నిలువు కమ్మీలు 5 అంగుళాల మందం.

మంచులో_మామ:

42లో 36 పోతే 6. అటు మూడు, ఇటు మూడు అంగుళాల ఖాళీ. అంటే నిషేధం ఉన్న చోటే కమ్మీలు నిలబడతాయి. 5 అంగుళాలు పొడుచుకొచ్చే కమ్మీలకి రెండు వైపులా 12 చొప్పున వదలాలి. ద్వారబంధం లోపల కనీసం 60 అంగుళాలు, ఐదడుగులు ఉండాలి. ఆ గుమ్మంలోంచి మీ తాతగారు ఎడ్లబండి తోలుకొచ్చి ఉంటే తప్ప కుదరదు.

కానీ పైకమ్మిని ఒక్కదాన్నే విడదీసి మ్యాంటెల్‌గా, అంటే ఫైర్‌ప్లేస్ పైన అడ్డంగా ఉండే అరలా, పెట్టొచ్చు. గూడు పై అంచు నుంచి 12 అంగుళాలు దాటాక, ఇంకాస్త ఎత్తుకే, ఇనుప బ్రాకెట్ల మీద. చిలకలు సరిగ్గా కంటి ఎత్తున ఉంటాయి. చుట్టూ మాత్రం రాయే. నన్నడిగితే గ్రానైట్ కన్నా సోప్‌స్టోన్ అంటాను. మా ఇంట్లో అదే. పేరు కొత్తగా ఉన్నా మనకి తెలిసిన రాయే. రాచ్చిప్పలో పులుసు పొయ్యి మీంచి దించాక కూడా కుతకుతా ఉడుకుతూనే ఉంటుంది కదా? ఆ రాయే ఇది. రాత్రి పదింటికి మంట ఆరిపోతే మా పిల్లి పొద్దున్న దాకా ఆ గట్టు దిగదు.

ఒంగోలు_గిత్త:

సోప్‌స్టోన్ గోరుతో గీసినా గీత పడుతుంది మామా.

మంచులో_మామ:

పడుతుంది. సన్న గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. మీ గెలాక్సీ మీద బూడిద పడితే ప్రతి నలుసూ లెక్కపెట్టుకోవచ్చు, అదో?

ఒంగోలు_గిత్త:

పాలిష్ కాకుండా లెదర్ ఫినిష్, అంటే మెరుపు తగ్గించి తోలులా కాస్త గరుకుగా ఉంచేది, వేయించుకుంటే అంత కనపడదు. అయినా తుడవడానికి బద్ధకం ఉన్నవాళ్ళు కట్టెలు కాల్చకూడదు.

అట్లతద్ది:

రాళ్ళ గొడవ తర్వాత, ముందు ఆ ద్వారబంధాన్ని ముక్కలు చేయడమేంటి? నాకు ప్రాణం ఉసూరుమంటోంది. పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎన్ని పెళ్ళిళ్ళకి మామిడాకులు కట్టి ఉంటారో. మీ అమ్మగారు అన్నదాంట్లో తప్పేం లేదు. గడపకి దణ్ణం పెట్టుకునేవాళ్ళం, పొయ్యి పక్కన పెడితే ఆవిడకి ఎలా ఉంటుంది?

కోనసీమ_కొబ్బరి:

నిన్న రాత్రి అమ్మతో వీడియో కాల్‌లో గ్యారేజీకి తీసుకెళ్ళి చూపించాను. దుప్పటి తీయగానే ఆవిడ చూసింది చిలకల్ని కాదు, గడపని. మధ్యలో అరిగి గుంట పడిన చోటు చూపించమంది. "అక్కడ కాలు పెట్టొద్దని మీ తాత అందరినీ తిట్టేవాడు, అయినా అరిగింది చూడు" అంది. తర్వాత ఆవిడే చెప్పింది: గడప పూజగది గుమ్మానికి వేయించు, పైకమ్మి నీ ఇష్టం, కానీ దాని కింద మాంసం కాల్చొద్దు. ఫైర్‌ప్లేస్‌లో బార్బెక్యూ చేస్తామని ఎవరు చెప్పారో ఆవిడకి.

ఇంకో సంగతి. టేపు చేతిలో ఉంది కదా అని గూడు ముందున్న ఇటుక గట్టు కూడా కొలిచాను. ముందుకి 16 అంగుళాలే ఉంది, ఆ వెంటనే ఓక్ ఫ్లోరింగ్. ఇది సరిపోతుందా?

మంచులో_మామ:

మంచి పని చేశారు. సరిపోదు. 36 ఇంటూ 28 అంటే 1008 చదరపు అంగుళాలు, సరిగ్గా 7 చదరపు అడుగులు. నోరు 6 చదరపు అడుగుల లోపు ఉంటే ముందుకి 16, పక్కలకి 8 చాలు. 6 గాని ఆపైన గాని ఉంటే ముందుకి 20, పక్కలకి 12 అంగుళాలు కాలని గట్టు ఉండాలి. పాత ఓనర్లు ఫ్లోరింగ్ మార్చినప్పుడు చెక్కని ముందుకి జరిపేసి ఉంటారు. నిప్పురవ్వ ఎగిరి పడేది ఆ నాలుగు అంగుళాల్లోనే. పైన చిలకలుండాలా, సున్నం వేయాలా అన్నది నిదానంగా తేల్చుకోండి. ఈ గట్టు సరిచేసే దాకా మాత్రం మంట వేయకండి. ఇల్లు కొన్నప్పుడు చిమ్నీకి లెవెల్ 2 తనిఖీ చేయించారా? కెమెరా లోపలికి పంపి చూస్తారు.

కోనసీమ_కొబ్బరి:

లేదు. హోమ్ ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి చూసి "ఫైన్" అన్నాడు. చిమ్నీ వాళ్ళు శనివారం వస్తామన్నారు. గట్టు పెంచడానికి ముందు వరస ఓక్ పలకలు లేపించాలి, దాని మీద ఏం రాయి వేయాలన్నది మళ్ళీ కొత్త గొడవ. గిత్త తమ్ముడూ, 60 అంగుళాల పొడవు, 20 వెడల్పు గెలాక్సీ ముక్క, లెదర్ ఫినిష్, ఇక్కడ న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఎక్కడైనా దొరుకుతుందా?

ఒంగోలు_గిత్త:

ఫుల్ స్లాబ్ కొనకు అన్నా. స్లాబ్ యార్డుకి వెళ్ళి "రెమ్నెంట్స్ చూపించు" అని అడుగు. కిచెన్లకి కోయగా మిగిలిన ముక్కలు వెనకాల నిలబెట్టి ఉంటాయి. చుక్కలు ఒకే సైజులో, దగ్గరదగ్గరగా ఉన్నది ఏరుకో. ముక్క మీద నీళ్ళు చల్లి చూడు, ఎక్కడైనా సన్న గీతలా తడి నిలిచిపోతే అది పగులు, వదిలెయ్.