కబడ్డీ ఆడే పిల్లలకు మౌత్‌గార్డ్ (పళ్ళకు దెబ్బ తగలకుండా వేసుకునే తొడుగు): పళ్ళు మారే వయసులో ఏది మేలు?

డెంటిస్టులు, కబడ్డీ కోచ్‌లు చెప్పగలరా? మోచెయ్యో మోకాలో నేరుగా తగిలితే ఎక్కువగా విరిగేవి పైవరస ముందు పళ్ళే. ఎత్తుపళ్ళై, పై, కింది ముందు పళ్ళ మధ్య ముందువెనకల ఎడం 3 మి.మీ. దాటితే ముప్పు దాదాపు రెట్టింపు. గడ్డం నేలకు కొట్టుకుంటే మాత్రం దెబ్బ దవడ పళ్ళమీద పడుతుంది. వాటి అంచులు పెచ్చులూడినా చాలామంది నోరు తెరిపించి చూడరు, అదే బాధ.

పెద్దలకు 3–4 మి.మీ. మందం ఈవీఏ (మెత్తటి ప్లాస్టిక్) గార్డ్ సరిపోతుంది. 8–12 ఏళ్ళ పిల్లలకు పళ్ళు ఇంకా దిగుతూనే ఉంటాయి, కొన్ని నెలలకే అది బిగుతైపోతుంది. దిగే పంటి దగ్గర లోపల ఖాళీ వదిలి చేయించాలా, వేడినీళ్ళలో మెత్తబరిచి కరిపించే రకాన్నే తరచూ మార్చాలా? ఖాళీ వదిలితే రైడర్ కూత పెడుతుండగా జారిపోదా?