ఒహ్తానీ ఒక్కడా, ఇద్దరా? కీపర్ వేలం లీగ్‌లో నిబంధన మార్చాలా వద్దా

కమిషనర్:
మన ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ (నిజమైన ఆటగాళ్లని వేలంలో కొని, వాళ్ల అసలు గణాంకాలతో మనం పోటీ పడే ఆట) వివరాలు కొత్తవాళ్ల కోసం మరోసారి రాస్తున్నా. 12 జట్లు, తలా 260 డాలర్ల వేలం, 23 మంది ఆటగాళ్లు (14 బ్యాటర్లు, 9 పిచర్లు అంటే బంతి వేసేవాళ్లు), 5 బై 5 రోటో (బ్యాటింగ్‌లో ఐదు, పిచింగ్‌లో ఐదు గణాంకాల్లో సీజన్ మొత్తానికి జట్లకి ర్యాంకులు), సోమవారం లైనప్ లాక్ (ఆ తర్వాత ఆ వారం ఆడేవాళ్లని మార్చలేం). ఐదుగురు కీపర్లు (వేలంలోకి వదలకుండా వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకునేవాళ్లు), కీపర్ ధర ఏటా 5 డాలర్లు పెరుగుతుంది. మనం ఆడే యాహూ సైట్‌లో, బ్యాటింగూ పిచింగూ రెండూ చేసే షోహెయ్ ఒహ్తానీ బ్యాటర్‌గా ఒకడు, పిచర్‌గా ఇంకొకడు. ఇప్పటిదాకా విడివిడిగానే పాట పెడుతున్నాం. ఇద్దర్నీ కలిపి ఒకే పాటగా, ఒకే స్లాట్‌గా (జట్టులో ఒకే చోటుగా) చెయ్యాలని ఇప్పుడు ప్రతిపాదన వచ్చింది. ఉగాది తర్వాతి ఆదివారం వేలం, దానికి రెండు వారాల ముందు ఓటింగ్ మూసేస్తా. మార్పు రావాలంటే 12కి 8 ఓట్లు పడాలి. వాదనలు ఇక్కడే రాయండి. వాట్సాప్‌లో రాస్తే మే నెలలో తగువు వచ్చినప్పుడు ఎవరికీ దొరకవు.

డగౌట్:
నా ఓటు కలపడానికే. ఒహ్తానీ ఆడే డాడ్జర్స్ జట్టు 26 మందిలో అతను పట్టే చోటు ఒక్కటి. టూ-వే ఆటగాడని గుర్తించారు కాబట్టి 13 మంది పిచర్ల పరిమితిలోకి కూడా రాడు. అంటే అసలు బేస్‌బాల్ లీగే అతనికి మినహాయింపు ఇచ్చింది. 2023 చూడండి: .304 సగటు, 44 హోమ్ రన్లు, 20 స్టీల్స్ (దొంగిలించిన బేస్‌లు). అదే మనిషి అదే ఏడాది 132 ఇన్నింగ్స్ వేసి 3.14 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటు) 167 మందిని స్ట్రయికౌట్ (మూడు స్ట్రయిక్‌లతో అవుట్) చేశాడు. ఆ అరుదైన విలువంతా ఒకే జట్టుకి దక్కాలి, దానికి తగ్గ డబ్బు ఆ జట్టే పెట్టాలి. విడగొడితే మనం కొంటున్నది ఒహ్తానీని కాదు, ఒక మంచి డీహెచ్‌నీ (బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు), ఒక మంచి స్టార్టర్‌నీ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్).

బుల్‌పెన్:
అన్నా, ఒకే పాట అంటే ఆలోచించొచ్చు, ఒకే స్లాట్ అంటే మాత్రం కుదరదు. లెక్క చూడు. అతన్ని యుటిలిటీ స్లాట్‌లో (ఏ బ్యాటర్‌నైనా పెట్టగల చోటు) పెట్టి పిచింగ్ గణాంకాలు కూడా కలిపితే ఆ జట్టుకి తొమ్మిది పిచర్ స్లాట్లూ ఖాళీగా మిగులుతాయి. అంటే వాళ్లకి పది మంది పిచర్లు, మిగతా పదకొండు జట్లకి తొమ్మిది మందే. రోటోలో స్ట్రయికౌట్లూ గెలుపులూ పోగయ్యే లెక్కలు. ఆ పదో స్లాట్‌లో వారానికి ఒకసారి ఐదు ఇన్నింగ్స్ వేసి ఐదుగురిని స్ట్రయికౌట్ చేసే మామూలు స్టార్టర్‌ని పెట్టినా, 26 వారాలకి 130 స్ట్రయికౌట్లు ఊరికే వస్తాయి. మధ్య స్థానాల్లో ఉన్న జట్ల మధ్య తేడా అంత ఉండదు.

డగౌట్:
ఆ పదో పిచర్ వేలంలో ఒక్క డాలర్ ఆటగాడే కదా. ఆ డాలర్ విలువ ఒహ్తానీ పాటలోనే కలిసిపోతుంది. వేలం ఉన్నదే అందుకు. స్నేక్ డ్రాఫ్ట్ (వేలం లేకుండా వంతులవారీగా ఎంచుకోవడం) అయితే నీ మాట ఒప్పుకుంటా, మొదటి పిక్ వచ్చినవాడికి అదృష్టం కొద్దీ దక్కుతాడు, మిగతావాళ్లు ఏమీ చెయ్యలేరు. మన దగ్గర పన్నెండు మందీ పాట పెట్టొచ్చు.

బుల్‌పెన్:
మొదటి ఏడాది కలిసిపోతుంది, నిజమే. కీపర్ అయ్యాక? ధర ఏటా 5 డాలర్లే పెరుగుతుంది, అదనపు స్లాట్ మాత్రం ఏటా మళ్లీ వస్తుంది. పైగా చేతికి దెబ్బ తగిలి బ్యాటింగ్ ఒక్కటే చేస్తున్న ఏడాది, పిచర్ భాగాన్ని బెంచ్ స్లాట్ లేకుండా, ఐఎల్ (గాయపడినవాళ్ల జాబితా) స్లాట్ లేకుండా దాచుకోవచ్చు. 2024 అంతా అతను బంతి వెయ్యలేదు, కానీ 54 హోమ్ రన్లు, 59 స్టీల్స్ చేశాడు. ఆ ఏడాది పిచర్ భాగాన్ని మోసిన ఖర్చు సున్నా అయ్యేది.

లెఫ్ట్‌ఫీల్డ్:
విడగొట్టి ఉంచితే గూడ ఆ లొసుగు ఉంటది గదా. 2024ల పిచర్ ఒహ్తానీని 1 డాలర్‌కి తీస్కున్నోడు 2025ల 6 డాలర్లకి, 2026ల 11 డాలర్లకి పెట్టుకుంటడు. 2025 జూన్ 16కి మళ్ల బంతి పట్టిండు. 14 స్టార్ట్‌లల్ల 47 ఇన్నింగ్సే, అంటే ఒక్కో స్టార్ట్‌కి మూడుంబావు. స్టార్టర్‌కి గెలుపు రావాల్నంటే ఐదు ఇన్నింగ్స్ పడాలె, అందుకే వచ్చింది ఒక్క గెలుపే. గానీ 62 స్ట్రయికౌట్లు, 2.87 ఈఆర్ఏ. గసొంటి పిచర్ 11 డాలర్లకి దొరుకుతడా చెప్పున్రి.

బుల్‌పెన్:
అది లొసుగు కాదు, పెట్టుబడి. 2024 మొత్తం ఒక బెంచ్ స్లాట్ పోయింది, ఐదు కీపర్లలో ఒకటి రెండుసార్లు పోయింది. అలా ఓపిక పట్టినవాడికి ఫలితం రావాలి. నేను ఆ జట్టు యజమానిని కాను, అయినా అది న్యాయం అనే అంటాను.

పాటగాడు:
న్యాయం పక్కన పెడితే, ఒకే పాట ఎలా నడపాలో ఎవరూ రాయలేదు. సైట్‌లో ఇద్దరు ఆటగాళ్లని ఒకడిగా కలిపే వీలు లేదు, కాబట్టి ఒకే స్లాట్ అన్నది అక్కడే ఆగిపోతుంది. ఒకే పాట, రెండు స్లాట్లు మాత్రం సాధ్యమే. బ్యాటర్ ఒహ్తానీకి పాట నడుస్తుంది, గెలిచినవాడు పిచర్‌ని 1 డాలర్‌కి తీసుకుంటాడు. మొత్తం 56 పలికితే బ్యాటర్ 55, పిచర్ 1 అని రాసుకోవాలి. గరిష్ఠ పాట లెక్క కూడా చెడదు: ఖాళీ రోస్టర్‌తో సైట్ చూపించేది 238 (మిగతా 22 స్లాట్లకి తలా ఒకటి), ఆ 22లో పిచర్ డాలర్ ముందే ఉంది.

ఎక్కడ చెడుతుందంటే, లైవ్ వేలంలో. బ్యాటర్ పాట అయిపోయిన వెంటనే పిచర్ పేరు పెట్టాలి, కానీ పేరు పెట్టే వంతు గెలిచినవాడిది కాకపోవచ్చు. ఈలోపు ఎవరైనా నెట్ పోయి ఆటోపైలట్‌లోకి జారితే, ఆ జట్టు తరఫున సైటే పిచర్ ఒహ్తానీకి 9, 10, 11 అని పాడుతూ పోతుంది. ఆటోపైలట్‌కి మన నిబంధన తెలియదు. అందుకని మొత్తం వేలం జూమ్‌లో పెట్టి, సైట్‌లో ఆఫ్‌లైన్ డ్రాఫ్ట్ ఎంచుకుని ఫలితాలు తర్వాత ఎక్కించాలి. 12 ఇంటూ 23, అంటే 276 పేర్లు. ఒకరు షీట్ చదవాలి, ఒకరు ఎక్కించాలి, చివర్లో ప్రతి జట్టు మొత్తం 260 దాటలేదని చూసుకోవాలి. జాగ్రత్త పడాల్సింది ఒకే పేరున్న ఆటగాళ్ల దగ్గర. మ్యాక్స్ మన్సీలు ఇద్దరున్నారు, ఒకరు డాడ్జర్స్‌లో, ఒకరు అథ్లెటిక్స్‌లో. ఇద్దరూ ఇన్‌ఫీల్డర్లే. షీట్‌లో పేరు పక్కన జట్టు పేరు కూడా ఉండాల్సిందే.

డగౌట్:
పాటగాడు గారూ, వివరంగా రాసినందుకు థాంక్స్. ఒకే స్లాట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. పది మంది పిచర్ల లెక్కకి నా దగ్గర జవాబు లేదు. ఒకే పాట, రెండు స్లాట్లు మాత్రం గట్టిగా అడుగుతున్నా.

లెఫ్ట్‌ఫీల్డ్:
నా ఓటు గూడ దానికే. కీపర్‌గ రెండు జాగలు పట్టాల్నా, ఒక్కటా?

బుల్‌పెన్:
రెండు. పట్టే స్లాట్లు రెండైనప్పుడు కీపర్లూ రెండే. ఒకటి అంటే నేను వ్యతిరేకంగా ఓటేస్తా. ఇది చిన్న విషయం కాదు, ద్రవ్యోల్బణం లెక్క చూడండి. 12 జట్లూ కలిపి 3,120 డాలర్లు. 60 మంది కీపర్ల ధర 900, అసలు విలువ 1,260 అనుకుందాం. వేలానికి మిగిలిన డబ్బు 2,220, మిగిలిన ఆటగాళ్ల విలువ 1,860. అంటే ఆటగాడి ప్రతి డాలర్ విలువా వేలంలో సుమారు 1 డాలర్ 19 సెంట్లు పలుకుతుంది. 45 విలువైన బ్యాటర్ 54 దాకా వెళ్తాడు. ఇప్పుడు ఒకే జట్టుకి ఆరో కీపర్ ఇస్తే, ఆ మిగులు విలువ వాళ్లొక్కరికే, పెరిగిన ధరలు మాత్రం అందరికీ.

డగౌట్:
సరే, రెండు కీపర్లు. పెంపు మాత్రం మొత్తం మీద 5 డాలర్లే ఉండాలి, ఒక్కో భాగానికి 5 కాదు. పాట ఒకటే జరిగింది కదా.

బుల్‌పెన్:
రెండు కీపర్ స్లాట్లు పెట్టినవాడికి పెంపు 5 అంటే ఒప్పుకుంటా. కానీ ఒక భాగాన్ని వదిలేసి ఒక భాగాన్నే కీపర్ చేస్తే? మొత్తం ధర దాని మీదే పడాలి. లేకపోతే పిచర్‌ని 1 ప్లస్ 5, అంటే 6కి పెట్టుకుని బ్యాటర్‌ని వేలంలోకి వదులుతారు.

కమిషనర్:
ఓటుకి పెట్టే పాఠం ఇది, పదాల్లో తప్పుంటే శుక్రవారంలోగా చెప్పండి.

"ఒహ్తానీ ఇద్దరూ ఒకే పాట. రెండు రోస్టర్ స్లాట్లు, రెండు కీపర్ స్లాట్లు. ఏటా పెంపు మొత్తం ధర మీద 5 డాలర్లు. ఒక భాగాన్నే కీపర్ చేస్తే పెంపుతో కలిపి మొత్తం ధర ఆ భాగానిదే, రెండో భాగం ఆ ఏడాది వేలంలో మామూలు ఆటగాడు. ట్రేడ్‌లో రెండు భాగాలూ కలిసే వెళ్లాలి. ఒక భాగాన్ని డ్రాప్ చేస్తే రెండోది కూడా అదే రోజు వైవర్లలోకి (వేరే జట్లు తీసుకోగల జాబితాలోకి) వెళ్తుంది. ఐఎల్ విషయంలో సైట్ ఆ భాగానికి ఇచ్చిన గుర్తే తుది మాట, కమిషనర్ చేతితో మార్చడు. వేలం ఆఫ్‌లైన్."

ఇప్పటికే ఒక భాగం కీపర్‌గా ఉన్న జట్టుకి ఈ నిబంధన ఈ ఏడాది వర్తించదు, వచ్చే ఏడాది నుంచే.

లెఫ్ట్‌ఫీల్డ్:
ఆ ఆఖరి లైన్‌ని పాఠంలనే పెట్టు అన్నా. బయట ఉంటే ఓటు దేనికేసినమో మళ్ల లొల్లి అయితది.

కమిషనర్:
పెట్టాను.