రఫ్ అండ్ రెడ్డీ: టీవీ కార్టూన్‌ను నిలబెట్టిందా, పాడుచేసిందా?

చిత్రలేఖ:
7 ఆస్కార్లు అందుకున్న టామ్ అండ్ జెర్రీని సృష్టించిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా టీవీ కోసం చేసిన మొదటి సిరీస్ రఫ్ అండ్ రెడ్డీ. 1957 డిసెంబరులో అమెరికాలో ఎన్‌బీసీ టీవీ ఛానల్‌లో మొదలైంది. రఫ్ చురుకైన చిన్న పిల్లి. రెడ్డీ మనసు మంచిదే కానీ బుర్ర తక్కువైన పెద్ద కుక్క. నిన్న కొన్ని భాగాలు చూశాను. మనిషంత మనిషీ కొయ్యబారినట్టు నిలబడితే నోరొక్కటే ఆడినట్టుంది. ఎంతో పనితనం ఉన్నవాళ్లు ఇలా చేశారేంటని బాధేసింది. టీవీ కార్టూన్ పాడైంది ఇక్కడి నుంచేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

గీత_రాత:
మీతో ఏకీభవిస్తాను. బగ్స్ బన్నీ కార్టూన్లు తీసిన చక్ జోన్స్ ఇలాంటివాటిని బొమ్మలున్న రేడియో అన్నాడు. కుక్క పరిగెడుతుంటే వెనక అదే చెట్టు మళ్లీ మళ్లీ వస్తుంది. చౌకగా అయిపోతుందని తెలిశాక ఎవరు కష్టపడతారు? తర్వాత ఏళ్ల తరబడి అందరూ అదే దారి పట్టారు.

పాతబొమ్మలు:
చిత్రలేఖ గారూ, అదే ఏడాది ఏం జరిగిందో కూడా చూడండి. హన్నా, బార్బెరా టామ్ అండ్ జెర్రీ తీసిన ఎంజీఎం స్టూడియో తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. పాతవాటిని మళ్లీ విడుదల చేసినా డబ్బులొస్తున్నప్పుడు కొత్తవి ఎందుకనుకుంది. ఏళ్ల తరబడి బొమ్మలు గీసినవాళ్లు రోడ్డున పడ్డారు. టీవీ వాళ్లు ఐదు నిమిషాల భాగానికి ఇస్తామన్నది సుమారు 3 వేల డాలర్లు. టామ్ అండ్ జెర్రీ ఒక్కోదానికి దాని కంటే పది రెట్లకు పైగానే అయ్యేది. ఆ డబ్బుతో పాత పద్ధతిలో గీయడం కుదిరే పని కాదు.

ఒక్కసారి కళ్లు మూసుకుని వినండి. రఫ్‌కు డాన్ మెసిక్, రెడ్డీకి డాస్ బట్లర్ గొంతిచ్చారు. రెడ్డీది అమెరికా దక్షిణాది యాస, సాగదీసి మాట్లాడతాడు. మాట పూర్తయ్యేలోపే వాడికి విషయం అర్థం కాలేదని మనకు తెలిసిపోతుంది. టామ్, జెర్రీ దాదాపు మాట్లాడవు. వాటి కొట్లాటంతా కదలికే. కదలికకు డబ్బు లేనప్పుడు పిల్లీ కుక్కా కొట్టుకోవడం మానేసి కబుర్లు చెప్పుకోవాల్సి వచ్చింది. వాటి స్నేహం పుట్టింది అక్కడే అని నేను నమ్ముతాను. మన తోలుబొమ్మకు పెదవి కదులుతుందా? అయినా ఏ బొమ్మ మాట్లాడుతోందో చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు.

కథ కూడా చూడండి. మొదటి కథలో ఇద్దరినీ మునిములా అనే లోహపు గ్రహానికి ఎత్తుకుపోతారు. ఇంగ్లీషులో అల్యూమినమ్ అక్షరాలను వెనక నుంచి చదివితే వచ్చే పేరది. 13 భాగాలు. ప్రతి భాగం ప్రమాదం అంచున ఆగుతుంది. తర్వాతేమైందో తెలియక పిల్లలకు ఎంత టెన్షన్!

గీత_రాత:
గొంతుల గొప్పదనం ఒప్పుకుంటాను. కానీ వీళ్లే తర్వాత చేసిన ఎలుగుబంటి బొమ్మ యోగీ బేర్ మెడలో కాలర్, టై ఎందుకున్నాయంటారు? ఒంటిని కదపకుండా తల ఒక్కటే మార్చి గీస్తే అతుకు కనపడకూడదని. అది పొదుపు, కళ ఎలా అవుతుంది?

పాతబొమ్మలు:
పొదుపే, కాదనను. కానీ కాలర్, టై లేని యోగీని మీరు ఊహించుకోగలరా?

చిత్రలేఖ:
ఊహించుకోలేను. మునిములా కథ ఇప్పుడు మళ్లీ పెట్టి విన్నాను. రెడ్డీ భయపడినప్పుడు బొమ్మ కదలకపోయినా గొంతులో వణుకు తెలిసింది. పిల్లి మీద వాడికున్న నమ్మకమూ తెలిసింది. అయితే వెనక మళ్లీ మళ్లీ వచ్చే ఆ చెట్టును మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.