సమస్య: "తల్లి నీట ముంచి తరుణి నవ్వె"

గునుగుపువ్వు (నిర్వహణ):

ఈ వారం సమస్య ఇది, ఆటవెలది నాలుగో పాదం; మొదటి మూడు పాదాలు మీరు పూరించాలి:

తల్లి నీట ముంచి తరుణి నవ్వె

పోలీసులకు ఫోన్ చెయ్యకండి, ముందు కథ వినండి.

దసరా సెలవులు, పైగా శనివారం. హైదరాబాద్‌లో సద్దుల బతుకమ్మకు ఇంకా రెండు రోజులుంది కదా, ఈలోపు వేములవాడ రాజన్న దర్శనం చేసుకొద్దామని బయల్దేరాం. దారి కాస్త మళ్లించి గంగాధర మండలంలో కురిక్యాల కూడా చూపించాను పిల్లలకు. అక్కడి బొమ్మలమ్మ గుట్ట మీద కన్నడ ఆదికవి పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కందపద్యాలున్నాయి, నన్నయ కంటే ముందువి. మావాళ్లు రాతి మీది అక్షరాల కన్నా గుట్ట కింద విరగబూసిన తంగేడునే ఎక్కువ చూశారు, సరే.

వేములవాడ చేరేసరికి బండి పెట్టుకోవడానికి జానెడు చోటు లేదు. ఊరు ఊరంతా పట్టుచీరల్లో ఉంది. సంగతేమిటంటే చాలా ఊళ్లలో తొమ్మిదో రోజు ఆడే సద్దుల బతుకమ్మను ఇక్కడ ఏడో రోజే ఆడతారు. మాకా ముక్క తెలియదు. తెలిసినట్టే ముఖం పెట్టి "అందుకేగా ఈరోజు తీసుకొచ్చింది" అన్నాను మా ఆవిడతో. ఆమె నమ్మలేదు.

మేం దిగిన ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ గునుగు సరిచేస్తోంది. తెల్లటి కంకుల్ని గుప్పెడు గుప్పెడు పట్టి, కాడలు కత్తిపీట మీద ఒక్క ఊపున సమంగా కోసి, దారంతో కట్టి, కొసలు మాత్రం రంగునీళ్లలో ముంచి తీస్తోంది. ఒక గిన్నెలో గులాబీ, ఒకదాంట్లో ఆకుపచ్చ, ఇంకోదాంట్లో ఊదా. ఆవిడ వేళ్ల మీద మూడూ కలిసి ఏ రంగో చెప్పలేనట్టయింది. తాంబాళంలో ఆకులు పరిచి తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, బంతి ఒక వరస పేరుస్తూ, లోపల బోలు మిగలకుండా ఆకూ కాడా కూరుకుంటూ పోతే పొద్దు వాలేసరికి నా నడుమెత్తు వచ్చింది.

సాయంత్రం మూలవాగు. పెద్దవాళ్లు పోయిరా అని పాడుతున్నారు, ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంటోంది కూడా. ఆమె పక్కనే ఒక అమ్మాయి, మెడలో పసుపుతాడు ఇంకా కొత్తది, మోకాలి లోతు దిగి బతుకమ్మను నీళ్లలోకి జార్చి అరచేత్తో ముందుకు తోసింది. అది ఒక పక్కకు ఒరిగి, బంతి వరస దాకా మునిగి, ఆగిపోయింది. ఇంకో తోపు తోసి ఫక్కున నవ్వింది. ఎందుకు నవ్విందో అడుగుదామంటే మధ్యలో యాభై మంది ఉన్నారు.

కాబట్టి ముంచడం మీ ఇష్టం, ఎవర్నైనా ఎలాగైనా ముంచండి. నవ్వుకు కారణం చెప్పండి. మార్కులన్నీ అక్కడే.

కొత్తవాళ్లకు: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (రెండు మూడక్షరాల పొట్టి ముక్కలు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగక్షరాలవి). సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సింది, నాలుగో గణం మొదటి అక్షరం. ప్రాస లేదు, కనుక సాకులూ లేవు.

కొత్తకలం:

మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

పసుపు గౌరి నిల్పి పళ్లెరమ్మున పూలు
వరుస వరుస గాను వలయ మెత్తి
పాట పాడి యాడి బతుకమ్మ పొమ్మంచు
తల్లి నీట ముంచి తరుణి నవ్వె

మూడో పాదంలో పా కు బ యతి చెల్లుతుందా?

యతిమైత్రి:

చెల్లుతుంది, ఒకే వర్గం. గణాలన్నీ కుదిరాయి, మొదటి పద్యానికి ఇది చాలా ఎక్కువ. కానీ "పొమ్మంచు" నాకు ముల్లులా గుచ్చుకుంది. అమ్మను పొమ్మని ఎవరంటారండీ? పోయి రమ్మంటారు. ఆడపిల్లను సాగనంపేటప్పుడు కూడా వెళ్లిపో అనం, వెళ్లిరా అంటాం. "పాట పాడి యాడి పైయేట రమ్మంచు" అని చూడండి. పా–పై యతి సరిపోతుంది, "పైయేట", "రమ్మంచు" రెండూ త గణాలే (గురువు, గురువు, లఘువు).

ఇందూరు కోడలు:

నాకు పద్యాలు రావు, చదువుడే. పుట్టింది వేములవాడల, ఇచ్చింది నిజామాబాదుల. ఒక్కటి జెప్త. పసుపు గౌరమ్మను మా ఇంట్ల నీళ్లల్ల ఇడువం. బతుకమ్మను ఇడిసే ముందుగాల గౌరమ్మను తీస్కొని ఆ పసుపు పుస్తెలకు రాసుకుంటం, తలా ఇంత పంచుకుంటం. ఈ పద్యంల గౌరమ్మ సుత మునిగింది.

యతిమైత్రి:

మంచి మాట చెప్పారమ్మా. అయితే మొదటి పాదం "పసిడి తంగె డుంచి పళ్లెరమ్మున పూలు".

కొత్తకలం:

ఇప్పుడు నా పద్యంలో నాదంటూ మిగిలింది రెండో పాదమే కదా సార్.

యతిమైత్రి:

మా గురువుగారి చేతిలో నా మొదటి పద్యానికి అదీ మిగల్లేదు. రాస్తూ ఉండండి.

మెట్‌పల్లి రైతుబిడ్డ:

అందరూ బతుకమ్మ మీదే రాస్తారని తెలుసు, నేను పొలం నుంచి వస్తున్నా. పసుపులో పెద్ద దుంప తల్లి, దాని పక్కలకు పుట్టేవి కొమ్ములు. నాటే ముందు తెగులు రాకుండా విత్తనాన్ని మందునీళ్లలో నానబెడతాం.

పసుపు విత్తు వేళ పాత్రలో మందేసి
చిన్న కొమ్ము లేరి చేట నుంచి
పెద్ద దుంప నెంచి పిల్లల కది తల్లి
తల్లి నీట ముంచి తరుణి నవ్వె

గునుగుపువ్వు:

"పిల్లల కది తల్లి" బ్రహ్మాండంగా కుదిరింది, సమస్యలోని తల్లిని నేల మీదికి, నేల లోపలికి కూడా దించావు తమ్ముడూ. గౌరమ్మను చేసేది కూడా ఆ పసుపుతోనే కదా, చుట్టు తిరిగి పండగకే వచ్చాం. కానీ "పాత్రలో మందేసి" అంటే మా ఊళ్లో అర్థం వేరు. ఆ తర్వాత నవ్వినా ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇంతకీ తరుణి ఎందుకు నవ్వింది? మందు సంగతి పక్కన పెట్టి చెప్పు.

మెట్‌పల్లి రైతుబిడ్డ:

పసుపు ధర విని నవ్విందనుకో అన్నా. ఏడవలేక.

డాలస్ తాతయ్య:

మా అబ్బాయి దగ్గరికొచ్చి ఆరు నెలలు. మొన్న ఇక్కడి తెలుగువాళ్ల బతుకమ్మకు తీసుకెళ్లారు. కార్లు పెట్టుకునే స్థలంలో పసిపిల్లలు ఆడుకునే గాలితొట్టిని ఊది నీళ్లు నింపారు. అదే మా చెరువు.

డాలసందు చెరువు దగ్గర లేకున్న
గాలి తొట్టి నూది గంగ బోసి
పార్కు జేయు చోట బతుకమ్మ లాడుచు
తల్లి నీట ముంచి తరుణి నవ్వె

యతిమైత్రి:

తాతయ్యగారూ, నమస్కారం. "గాలి తొట్టి నూది గంగ బోసి" నాకు ఇప్పటివరకు వచ్చిన వాటిలో అన్నిటికన్నా నచ్చిన పాదం. ప్లాస్టిక్ తొట్టిలో పోసినా అది గంగే అనడం ఉంది చూశారూ. కానీ మొదటి పాదంలో డా కు ద యతి చెల్లదు. చెవికి దగ్గరగా ఉన్నా వర్గాలు వేరు. డాలస్‌ను వదులుకోగలిగితే ఇలా:

దూర దేశ మందు దొరకదు చెరువంచు

డాలస్ తాతయ్య:

డాలస్‌ను వదలడానికి నాకేం అభ్యంతరం లేదు నాయనా, టికెట్టే డిసెంబరుకి ఉంది.

సిరిసిల్ల మగ్గం:

తాతయ్యా, ఆ తొట్టిలో బతుకమ్మ మునిగిందా నిజంగా? నాకు తెలిసి అది చీలమండల దాకా కూడా రాదు.

డాలస్ తాతయ్య:

మునగలేదు. తొట్టిలో నిటారుగా నిలబడింది. అందుకే నవ్వింది మా కోడలు.

గునుగుపువ్వు:

అయ్యో, ఆ ముక్క పద్యంలో పెట్టాల్సింది కదా! అసలు కారణం చేతిలో పెట్టుకుని పార్కింగ్ గురించి రాశారు.

సిరిసిల్ల మగ్గం:

నాది విరుపు. "తల్లి"ని ఒంటరిగా వదలకుండా మూడో పాదం చివర "చిట్టి"తో కలిపాను. వేములవాడే, కానీ గుడి కోనేరు ధర్మగుండం దగ్గర. చంటిదానికి తలనీలాలు తీయించాక తల్లి స్నానం చేయిస్తోంది.

ధర్మగుండ మందు తలనీలములు దీసి
బోడిగుండు మీద బొట్టు పెట్టి
ఏడ్చు చున్న దాని నెత్తుక తన చిట్టి
తల్లి నీట ముంచి తరుణి నవ్వె

యతిమైత్రి:

ఒక్క మాటతో తల్లిని కూతురిగా మార్చేశారు. సమస్య ఇచ్చినవాడు ఊహించని మలుపు ఇదేనని నా అనుమానం.

ఇందూరు కోడలు:

అన్నా, బొట్టు పెట్టినంక నీళ్లల్ల ముంచితే బొట్టేడుంటది? మునిగినంకనే గంధం, బొట్టు.

సిరిసిల్ల మగ్గం:

దొరికిపోయా. గుండంలో ఎన్నిసార్లు మునిగానో లెక్కలేదు, అయినా వరస తప్పాను. రెండో పాదం మార్చుకుంటున్నా:

బోడిగుండు తడిమి బుజ్జగించి

గునుగుపువ్వు:

ఇది ఇంకా మెరుగు. తడమడంలో చెయ్యి కనిపిస్తోంది. పిల్ల ఏడుపు ఆపడానికి తల్లి నవ్వింది, కారణం సరిపోయింది. ఇంతవరకు ఇదే ముందుంది.

రాజమండ్రి మేష్టారు:

ఆలస్యంగా వచ్చాను. నేను బతుకమ్మ చూడలేదు, పక్కనే కడియం ఉండి పూలకు కొదవలేని ప్రాంతం నాది, అయినా మేం పూలను దేవత పాదాల దగ్గర పోస్తాం, మీరు పూలనే దేవతగా పేర్చి చుట్టూ తిరుగుతారు. అదే ఆలోచిస్తుంటే గౌరమ్మ వాగులో దిగిందంటే ఎవరింటికి వెళ్లినట్టు అన్న చిలిపి ఊహ వచ్చింది.

శివుని సిగను దాగు చిన్నారి గంగమ్మ
సగము మేను గొన్న సవతి రాగ
చిక్కె నేటి కంచు చేచాచి జగమేలు
తల్లి నీట ముంచి తరుణి నవ్వె

యతిమైత్రి:

మేష్టారూ! ఒకరికి తల, ఒకరికి సగం మేను, ఆ పాత తగువు మూలవాగులో తేలింది. ముంచింది భక్తురాలు కాదు, సవతి. "చిక్కె నేటి కంచు" దగ్గర నేనూ నవ్వాను. మొదటి పాదంలో శి–చి యతి చూసి కొత్తవాళ్లు తప్పనుకోకండి, చ ఛ జ ఝ లకు శ ష స లతో మైత్రి ఉంది.

గునుగుపువ్వు:

అవధానంలో పడాల్సిన పూరణ ఇది. చప్పట్లు కొట్టేశాను. అయితే మేష్టారూ, ఇది కైలాసంలో నవ్వు. వాగులో నేను చూసిన పిల్లకు సవతి పోరు ఉన్నట్టు లేదు, ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఏదో గుట్టు తెలిసిన మనిషి నవ్వినట్టుంది.

ఇందూరు కోడలు:

ఎవ్వరు అంటలేరు గని గుట్టేమున్నది అన్నా, వేములవాడ ఆడిబిడ్డలకు అందరికీ ఎరుకే. మాకు సద్దులు రెండుసార్లు. ఏడోనాడు తల్లిగారింట్ల ఆడి తొమ్మిదోనాటికి అత్తగారింటికి పోతం, ఆడ మళ్ల ఆడతం. శనివారం నువ్వు జూసిన పిల్ల పసుపుతాడు కొత్తదంటున్నవ్, పెండ్లయినంక మొదటి బతుకమ్మ కావొచ్చు. సోమవారం మళ్ల పేరుస్తది. ఇగ ఏడుసుడెందుకు, నవ్వదా?

పద్యం రాదు గని పాట కడత:

ఏడు రోజులాడి ఉయ్యాలో
ఏట్ల ఇడిసొస్తి ఉయ్యాలో
ఎల్లుండి అత్తింట ఉయ్యాలో
ఎదురొస్తవంటి ఉయ్యాలో

గునుగుపువ్వు:

అక్కా, పది నిమిషాలు ఏమీ రాయలేకపోయాను. ఏడో రోజు సంగతి నేనే పైన రాశాను, పసుపుతాడు సంగతీ నేనే రాశాను, రెండూ కలిపి చూడటం చేతకాలేదు. మేమంతా గణాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

రాజమండ్రి మేష్టారు:

నాలుగు పాదాలూ "ఏ, ఎ" లతోనే మొదలయ్యాయి, చూసుకున్నారా? ఛందస్సు రాదన్నది ఈవిడేనా?

సిరిసిల్ల మగ్గం:

ఉయ్యాల పాటలకు నిబంధన ఒప్పుకోదు కాబట్టి ఎవరైనా దీన్ని ఆటవెలదిలోకి దించండి. మాట మాత్రం అక్కదే ఉండాలి.

గునుగుపువ్వు:

ప్రయత్నిస్తున్నా. "ఎల్లుండి", "ఎదురొస్తవు" రెండూ ఉంచాను.

పుట్టినింట నేడు పూర్తి యాయెను గాని
మెట్టినింట నింక మిగిలె రెండు
ఎదురు వత్తు వంచు నెల్లుండి యత్తింట
తల్లి నీట ముంచి తరుణి నవ్వె

యతిమైత్రి:

రెండో పాదం చివర "రెండు", వెంటనే "ఎదురు", పట్టింపు ఉన్నవాళ్లు విసంధి (సంధి చెయ్యకుండా వదిలేసిన దోషం) అంటారు. వాక్యం అక్కడితో ఆగింది కనుక నేను వదిలేస్తాను. కానీ మెట్టినిల్లు, అత్తిల్లు ఒకటే కదా, రెండు పాదాల్లో రెండుసార్లు ఎందుకు? "యత్తింట" తీసేయండి, అక్కడ ఇంకో త గణం కావాలి.

గునుగుపువ్వు:

అదే తట్టడం లేదు. "నా చెంత" అందామంటే చప్పగా ఉంది.

ఇందూరు కోడలు:

మా ఊర అను అన్నా. నాకు పెండ్లయి ఇరవై ఏండ్లాయె, ఇంక అత్తిల్లేంది.

యతిమైత్రి:

మా యూర. త గణమే. సరిపోయింది.

గునుగుపువ్వు:

పుట్టినింట నేడు పూర్తి యాయెను గాని
మెట్టినింట నింక మిగిలె రెండు
ఎదురు వత్తు వంచు నెల్లుండి మా యూర
తల్లి నీట ముంచి తరుణి నవ్వె

అక్క పేరు మీదే పెడుతున్నాను. వచ్చే వారం కందం, ప్రాస ఉంటుంది, ఇప్పటినుంచే సాకులు వెతుక్కోండి.